చెవిలో చదివే ఫోను

గిద్దలూరు వెళ్లి వచ్చినప్పటి నుంచి మా వాకిట్లోకి వచ్చిన ప్రతి ఆడమనిషీ ఒకటే అడుగుతోంది. "అవ్వా, ఆ ఫోను నిజంగా చదువుతాదా? మావానికి గూడ పెట్టిద్దామా?" అందరికీ విడివిడిగా చెబితే నా గొంతు పోతుంది. పైగా నేను చెప్పిన మాట వాళ్ల ఇంటికి చేరేలోపు ఇంకో మాట అయిపోతుంది. అందుకని రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. నిదానంగా రాస్తాను గానీ, చూడనిది రాయను.

మాది యర్రగొండపాలెం అవతల, అడవి అంచున ఉన్న పల్లె. గొర్రెలే మా బతుకు. నా మనవరాలు మల్లి ఆరో తరగతి. ఏ పిల్ల ఏ గొర్రెదో, ఏది ఎప్పుడు ఈనిందో అడిగితే తడుముకోకుండా చెబుతుంది. కూడికలు, తీసివేతలు నోటితోనే చేస్తుంది. ఒకసారి విన్న కథను ఎన్నాళ్లకు అడిగినా ఒక్క ముక్క వదలదు. పుస్తకం ముందు పెడితే మాత్రం నోరు పెగలదు. అక్షరాలు ఒకచోట నిలబడవంటుంది. ఒక మాట కూడబలుక్కుని చివరికి వచ్చేసరికి మొదట ఏముందో పోతుంది. బళ్లో పిల్లలు నవ్వుతారు. దాంతో బడి పేరెత్తితేనే దానికి కడుపునొప్పి.

మా అబ్బి నాగేశు, కోడలు ఏటా మందను తోలుకొని కాలువల కింద కోతలైన పొలాలకు వలస పోతారు. ఈసారి సోమవారం పోవాలి. మల్లిని కూడా తీసుకుపోతామన్నారు. పోతే మళ్లీ వానలకే తిరిగి రావడం. బడి అంతటితో సరి. మల్లికి కావలసింది కూడా అదే. తన దుప్పటి తనే మూటకట్టి సిద్ధంగా పెట్టుకుంది.

బడి అయ్యవారు ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చి కూర్చున్నాడు. "పిల్లకు తెలివి తక్కువ కాదవ్వా. దీన్ని డిస్లెక్సియా అంటారు. గిద్దలూరులో ఒక టీచరమ్మ ఇట్లాంటి పిల్లలను ఫోన్లు పెట్టి చదివిస్తాంది. ఒక్కసారి చూపించండి. ఆ తర్వాత మీ ఇష్టం."

నాగేశు నా మొహం చూశాడు. "నువ్వు పోయి సూడుమ్మా. బాగుందంటే పిల్ల నీ కాడ ఉంటాది. మోసమంటే మాతో వస్తాది."

ఆ విధంగా ఒక పిల్ల చదువు ఉండడం, పోవడం నా మాట మీదికి వచ్చింది.

బయలుదేరే ముందు

సంతలో గొర్రెలను అమ్మేవాళ్ల సంగతి నాకు తెలుసు. తెల్లవారుజామునే ఉప్పు నాకించి నీళ్లు తాపుతారు. పొట్ట నిండి గొర్రె బలంగా కనిపిస్తుంది. కొని ఇంటికి తోలుకొచ్చాక తెలుస్తుంది, సగం నీళ్లే అని. ఈ టీచరమ్మ కూడా పిల్లలకు ముందే నాలుగు పాఠాలు బట్టీ పట్టించి, ఫోను చదివించిందని చూపించదని ఏమి నమ్మకం? అందుకని పరీక్ష పెట్టే కాగితం నేనే తీసుకెళ్లాను. పశువుల ఆసుపత్రి వాళ్లు పంచిన కరపత్రం, గొర్రెల కడుపులో పురుగులు పోవడానికి తాపే నట్టల మందు గురించినది. ఏ బడి పుస్తకంలోనూ అది ఉండదు. మడిచి రవికెలో పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, మల్లికి కూడా.

పాత ఫోను ఒకటి తీసుకుపొమ్మని అయ్యవారు చెప్పాడు, నాగేశుది ఉంటే అది కూడా సంచిలో వేసుకున్నాను. దాని అద్దం పగిలి ఉంది గానీ మాట్లాడుతుంది.

బస్సు

బస్సులో ఇప్పుడు ఆడవాళ్లకు డబ్బు అడగడం లేదు. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా అని కొట్టిన టికెట్టు ఇస్తారు. కండక్టరు జనంలో పడి నాకు టికెట్టు ఇవ్వకుండానే ముందుకు పోయాడు. నేను వదల్లేదు.

"నాయనా, నా టికెట్టు."

"నీకు ఊరికేనే గదమ్మా. కూర్చో."

"ఊరికే అయినా కాగితం ఉండాల. రేపు ఇంకొకడు ఎక్కి దొంగతనంగా వచ్చినావంటే నీ పేరు చెప్పాల్నా?"

బస్సంతా నవ్వింది. వెనక సీట్లో మేకల బేరగాడు ఒకడు ఉన్నాడు. "ఇవ్వు సారూ, లేకపోతే మార్కాపురం దాకా నిన్ను నిలబెడతాది" అన్నాడు. టికెట్టు వచ్చాక అతను నా వైపు తిరిగి, ఎక్కడికని అడిగాడు. చెప్పాను.

"ఫోను చదివేదేంది పెద్దమ్మా! మా ఇంట్లో పిల్లోడు పొద్దస్తమానం ఫోనే సూస్తాడు. వానికి ఈపాటికి కలెక్టరు ఉద్యోగం రావాల."

నాకూ అదే అనుమానం. అతనితో కలిసి నవ్వాను. మల్లి కిటికీ వైపు తిరిగి దోర్నాల కొండలు చూస్తూ కూర్చుంది. మాటలన్నీ వింటూనే ఉంది.

మార్కాపురం

ముందుగా కళ్ల ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్షరాలు కదులుతున్నాయంటే కళ్లలో దోషం ఉండొచ్చు కదా. అద్దాలు పెడితే తీరిపోయే జబ్బుకు గిద్దలూరు దాకా పోవడం ఎందుకు? అక్కడ గోడ మీద అక్షరాల బదులు బొమ్మలు చూపించి పరీక్ష చేశారు. చూపు చక్కగా ఉందన్నారు. ఇంకోసారి చూడమన్నాను. మళ్లీ చూసి అదే చెప్పారు. కళ్లజోడుతో పోయేదైతే బాగుండేదని నాకు కొంచెం నిరాశగానే అనిపించింది.

మార్కాపురంలో ఇడ్లీ ప్లేటు ముప్పై రూపాయలు. చట్నీ నీళ్లలాగా ఉంది. పల్లీలు వేశామని చెప్పారు, నాకు కనిపించలేదు. ఒక ప్లేటు చెప్పి మల్లికి పెట్టి, నేను ఇంటి నుంచి తెచ్చిన సద్ది తిన్నాను. హోటలు వాడు సద్ది మూట వైపు చూశాడు. నేనూ అతని చట్నీ వైపు చూశాను.

ఆ రాత్రి చెల్లెలి ఇంట్లో పడుకున్నాం. చెల్లెలి మొగుడు పలకల గనిలో చేసి ఇప్పుడు ఇంటి పట్టునే ఉంటున్నాడు. "మా పలకలు కొనే బళ్లే లేవు వదినా, ఇంక అక్షరాలు ఎవరికి వస్తాయి?" అన్నాడు. మల్లికి పాత పలక ఒకటి ఇవ్వబోయాడు. మల్లి చేతులు వెనక్కి పెట్టుకుంది.

రైలు

మార్కాపురం రోడ్డు స్టేషన్ ఊరికి చాలా దూరం. ఆటోవాడు అడిగింది విని, రైలు టికెట్టు కూడా నువ్వే ఇస్తావా అని అడిగాను. చివరికి అతను కొంచెం దిగాడు, నేను కొంచెం ఎక్కాను.

రైలు పెట్టెలో సగంమంది చెవుల్లో తీగలు. ఎవరూ పక్కవాళ్లతో మాట్లాడరు. మా పల్లెలో పక్కన కూర్చున్న మనిషి ఊరూ పేరూ అడగకపోతే మర్యాద తక్కువ అంటారు. ఇక్కడ అడిగితేనే తక్కువ. నా పక్కన ఒక కాలేజీ పిల్ల. అడిగాను, "ఏం వింటాండావు తల్లీ?"

తీగ తీసి, "పాఠం అవ్వా. రేపు పరీక్ష. పుస్తకం చదవడానికి టైం లేదు, అందుకని వింటాండా" అంది.

ఈ పిల్లకు చదువు రాక కాదు, టైం లేక వింటోంది. ఇద్దరూ వినేదే. కానీ ఈమెను చూసి ఎవరూ నవ్వరు. ఆ మాట మల్లికి చెప్పాలనుకున్నాను, ఊరుకున్నాను. ముందు యంత్రం సంగతి తేలాలి.

కంభం దాటాక నల్లమల కొండలు దగ్గరికి వచ్చాయి. జామకాయలు అమ్మే ఆమె ఎక్కింది. కాయలు కంభం చెరువు కింద తోటలవట. రెండు కొన్నాను, ఒకటి పుచ్చింది. ఆమె దిగిపోయాక కనబడింది.

గిద్దలూరు, మేడ మీద

బట్టలు కుట్టే దుకాణం మీద ఒక గది. చాపల మీద ఏడెనిమిది మంది పిల్లలు. టీచరమ్మ పేరు షమీమ్. ముప్పై ఏళ్లు ఉంటాయేమో, చేతికి గాజులు లేవు, వాచీ మాత్రం ఉంది. డబ్బు తీసుకోనని ముందే చెప్పింది. అది విని నాకు ఇంకా అనుమానం వచ్చింది. డబ్బు తీసుకునే మనిషికి ఏం కావాలో తెలుస్తుంది. తీసుకోని మనిషికి ఏం కావాలో కనుక్కోవాలి.

నాగేశు పాత ఫోను తీసుకుని అందులో ఏదో ఎక్కించింది. దానికీ డబ్బు లేదట. పుస్తకం పేజీకి ఫోటో తీస్తే, అక్షరాలు ఫోనులో పెద్దవై, మాటకూ మాటకూ మధ్య ఎడం వచ్చి కనిపిస్తాయి. ఒక గొంతు చదువుతూ ఉంటే, చదివే మాట ఒక్కటే పసుపు రంగులో వెలుగుతుంది. పిల్ల ఆ మాట మీద వేలు జరుపుతూ పోవాలి. చెవిలో తీగ పెట్టుకుంటే బయటివాళ్లకు వినపడదు. గొంతు రైల్వేస్టేషన్‌లో బండ్ల పేర్లు చెప్పే ఆడమనిషి గొంతులా ఉంది. ఆయాసం లేదు, ఆగడం లేదు. చుక్క పెట్టిన చోట కూడా సరిగ్గా ఆగదు.

"ఫోను చదువుతాంది, పిల్ల వింటాంది. ఇంతకీ చదివిందెవరు?" అన్నాను.

షమీమ్ నవ్వింది. "చాలామంది అడుగుతారు అవ్వా. మీకు కళ్లజోడు ఉంది గదా. అది లేకుండా చదవగలరా?"

"కళ్లజోడు చూపిస్తాది. నా బదులు చూడదు."

ఆమె నవ్వు ఆగిపోయింది. "నిజమే. కానీ చూడండి, అక్షరం అక్షరం విడదీసుకునేసరికే ఈ పిల్లల బలమంతా అయిపోతాది. లోపల ఏముందో తెలుసుకునే ఓపిక మిగలదు. ఫోను ఆ బరువు మోస్తాది. అర్థం చేసుకునేది పిల్లే. చెవికీ కంటికీ జత కుదిరే కొద్దీ గొంతు తగ్గిస్తాము. కొంతమంది గొంతు లేకుండా చదువుతారు. కొంతమందికి ఎప్పటికీ కావాల. ఇది జబ్బు తగ్గించే మందు కాదు అవ్వా, అబద్ధం చెప్పను."

అబద్ధం చెప్పనని చెప్పేవాళ్లను నేను చాలామందిని చూశాను. రవికెలో నుంచి కరపత్రం తీసి మల్లి ముందు పెట్టాను. "ఇది చదివించు. నేను అడిగేవాటికి జవాబు చెప్పాల."

షమీమ్ కాగితం తిప్పి చూసి, నన్ను చూసి, "మంచి పరీక్షే పెట్టినారు" అంది. మల్లి ఫోటో తీసుకుంది. చెవిలో తీగ పెట్టుకుంది.

నేను అడగడం మొదలుపెట్టాను. నట్టలు పడిన గొర్రె ఎట్ల ఉంటాది? గొర్రెపిల్లకు ఎప్పుడు మొదలుపెట్టాల? మందు తాపేటప్పుడు తల ఎంత ఎత్తాల? ప్రశ్న పూర్తి కాకముందే జవాబు వస్తోంది. దవడ కింద నీరు దిగుతుందట, తల మరీ ఎత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుందట. చెప్పేసింది. నాకు సంబరం కలిగింది. అంతలో ఫోను వైపు చూశాను. పసుపు రంగు ఇంకా మొదటి వరసలోనే ఉంది.

షమీమ్ పగలబడి నవ్వింది. "అవ్వా! ఇది మీ ఇంట్లో రోజూ జరిగే పనే గదా. ఈ పిల్లకు ఇందులో తెలియందేముంది?"

మేడ మీద పిల్లలందరూ నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. ఇన్ని జాగ్రత్తలు పడి, గొర్రెల ఇంటి పిల్లకు గొర్రెల పరీక్ష పెట్టాను. అయినా తగ్గలేదు. "ఆఖరు దాకా చదివించు" అన్నాను.

మల్లి వేలు జరుపుతూ పోయింది. కాగితం అడుగున చిన్న అక్షరాలు ఉన్నాయి, అక్కడ ఆగింది. ఆ వరసనే మళ్లీ చదివించింది. మళ్లీ. పసుపు రంగు అక్కడక్కడే తిరుగుతుంటే యంత్రం మొరాయించిందనుకున్నాను. తర్వాత మల్లి చెవిలో తీగ తీసేసింది.

"అయిపోయింది."

"కొత్తది ఏమన్నా చెప్పిందా?"

"ఏం లేదవ్వా."

నేను లేచాను. "సరేనమ్మా, చూసినాము. పిల్ల మందతో పోతాది" అన్నాను. షమీమ్ నాతో వాదించలేదు. మల్లి మొహం వెలుగుతుందనుకున్నాను. వెలగలేదు. రైల్లో ఎక్కువసేపు కూర్చున్నందుకు అలసిపోయిందనుకున్నాను.

జొన్న రొట్టె

తిరుగు బండి తెల్లవారి గానీ లేదు. సత్రంలో పడుకుంటామంటే షమీమ్ ఒప్పుకోలేదు. తన ఇంటికే రమ్మంది. మోసమని మొహం మీదే అన్నంత పని చేసిన మనిషికి అన్నం పెట్టడం దేనికో నాకు అర్థం కాలేదు. అయినా సత్రానికైతే డబ్బు పెట్టాలి, ఆమె ఇంట్లో అక్కర్లేదు. పోయాం. సాయిబుల ఇల్లు కదా, బిర్యానీ పెడతారేమో, తినాలా మానాలా అని దారంతా ఆలోచించాను. జొన్నరొట్టె, గోంగూర, పచ్చి ఉల్లిగడ్డ పెట్టింది. మా ఇంటి కూడే. రొట్టె మా కోడలు చేసేదాని కంటే పలచగా, విరగకుండా వచ్చింది. ఎట్ల చేసిందని అడిగాను. పిండిలో పోసే నీళ్లు బాగా మరగాలంది. ఆ ఒక్క మాట మాత్రం అనుమానించకుండా ఇంటికి తెచ్చుకున్నాను.

స్టేషన్‌లో

పొద్దున బండి కోసం కూర్చుని, నా బటన్ల ఫోనుతో నాగేశుకు ఫోను చేశాను. గట్టిగా వినపడేట్టు పెట్టాను, నాకు చెవి కొంచెం మందం.

"చూసినానురా. నాకు నమ్మకం కుదరలేదు. పిల్లను తీసుకపో."

"సరేమ్మా. సాయంత్రానికి వచ్చేయండి. రేపు తెల్లారే పోవాల. ఈ పూటే మందంతటికీ నట్టల మందు తాపుతాండా."

పక్కన కూర్చున్న మల్లి నా చేతిలో ఫోను లాక్కుంది.

"నాయనా, తాపొద్దు! చూడి గొర్రెలకు తాపొద్దు!"

"ఏందే? ఏటా తాపేదే గదా!"

"ఏటా పొట్టేళ్లు గొర్రెలను ముందే దాటేవి. ఈ ఏడు ఆలస్యమైంది. ఇప్పుడు చూడి కట్టి నెల కూడా కాలేదు నాయనా. మొదటి నెలలో ఆ మందు పడితే కడుపు నిలబడదంట. ఈసుకపోతాయి."

"ఎవరు చెప్పినారు?"

మల్లి నా రవికె వైపు చూపించింది. కరపత్రం తీసి ఇచ్చాను. "యాడుంది? చూపించు" అన్నాను.

మల్లి సంచిలో ఉన్న పాత ఫోను తీయలేదు, తీగ పెట్టుకోలేదు. కాగితం అడుగున చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది. "చూ... చూడి క... కట్టిన మొ... మొద... మొదటి నెలలో..." ఒక మాట తప్పింది, వెనక్కి వచ్చి మళ్లీ పట్టుకుంది. చివరిదాకా పోయింది. నా కళ్లజోడు పెట్టుకుని, కాగితం ఎండకు పట్టి, నేను కూడబలుక్కున్నాను. అదే ఉంది. ఆ కాగితం నా ఇంట్లో ఎన్నాళ్లుగానో ఉంది. పై వరసలు చదివి, అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదవాల్సినవని నాకు తోచలేదు.

"నేను ఫోను చేసేదాకా మందు సీసా మూత తీయొద్దు" అని నాగేశుకు చెప్పాను.

మందుల దుకాణం

అచ్చు వేసినంత మాత్రాన నమ్ముతానా? మార్కాపురంలో దిగగానే పశువుల మందుల దుకాణానికి పోయాను. ఆదివారమైనా తెరిచి ఉంది. ఏమీ తెలియనట్టు, "నాయనా, గొర్రెలకు నట్టల మందు ఇయ్యి. పెద్ద సీసానే ఇయ్యి" అన్నాను. సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"అన్నీ కొత్తగా చూడి కట్టినవే" అన్నాను.

సీసా వెనక్కి తీసుకున్నాడు. "అట్లయితే ఇది వద్దు పెద్దమ్మా. కొన్నాళ్లు ఆగు. తొందరైతే పశువుల డాక్టరు రాసిచ్చిన మందు తీసుకో. నేను ఇచ్చి, రేపు నువ్వు వచ్చి నన్ను తిట్టేది ఎందుకు?"

అమ్ముకునేవాడే అమ్మనన్నాడు. ఇంక అనుమానించడానికి నాకేమీ మిగల్లేదు. నాగేశుకు ఫోను చేసి, మల్లి చెప్పింది నిజమేనని, పిల్ల నా దగ్గరే ఉండి బడికి పోతుందని చెప్పాను.

బస్టాండులో యర్రగొండపాలెం బస్సు కోసం నిలబడినప్పుడు మల్లిని అడిగాను.

"నిన్న మేడ మీదే తెలుసు గదా నీకు. ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే బడికి పొమ్మంటావని."

"మరి ఈపొద్దు ఎందుకు చెప్పినావు?"

కాలి బొటనవేలితో నేల గీసింది. "నాయన తాపుతాండా అనె గదవ్వా."

బస్సు వచ్చింది. ఈసారి కండక్టరు టికెట్టు ఇచ్చాడో లేదో నేను చూసుకోలేదు.

సోమవారం

మీ పిల్లలకు ఫోను పెట్టించమని నేను చెప్పను. పోయి మీరే చూడండి. కాగితం మీరే తీసుకుపోండి. మీ ఇంటి పనికి సంబంధం లేని కాగితం చూసుకోండి, నాలాగా చేయొద్దు. బట్టీ పట్టించారేమో కనిపెట్టండి. పిల్ల ఒకే వరసను మళ్లీ మళ్లీ చదివిస్తుంటే మాత్రం యంత్రం చెడిందని అనుకోవద్దు.

సోమవారం చీకటితోనే మల్లి దొడ్లోకి పోయి చూడి గొర్రెలను ఒక్కొక్కటీ వేరు చేసి తండ్రికి చూపించింది. నాగేశు వాటి వీపు మీద ఎర్రమట్టి గుర్తు పెట్టి, మిగిలినవాటికి మందు తాపాడు. పొద్దు పొడిచేసరికి మంద బయలుదేరింది. దుమ్ము అణిగేదాకా మల్లి దారిలో నిలబడి, నా దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నేను చదవలేదవ్వా. ఫోను చదివింది, నేను విన్నా. అంతే. మేడ మీద నువ్వే అంటివి గదా. ఇప్పుడు గూడ నాయనకు చెప్పు, మోసమేనని. ఇంకా దూరం పోయుండరు, పరిగెత్తి కలుసుకుంటా."

నా మాటే నా మీదికి విసిరింది.

"స్టేషన్‌లో ఫోను సంచిలో ఉండె. తీగ ఉండలా. ఆ కాగితం అడుగున ఉన్నది నా కళ్లకు కనబడలా, నీ నాయనకు కనబడలా. ఇంటిల్లిపాదిలో అది తెలిసిందానివి నువ్వొక్కదానివే. దాన్ని ఏమంటారో నాకు తెలీదు. అయ్యవారిని అడుగు పో. గంట కొడతారు."

పోయి మొహం కడుక్కుంది. జడ నన్ను వేయనివ్వలేదు. సంచి తగిలించుకుని, నా వైపు చూడకుండా గడప దాటింది. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది. గూట్లో ఉన్న పగిలిన ఫోను తీసుకుని పోయింది.